‘గాడిద కొడకా’ అంటే ఎవరికి తగులుతుంది?

పేరెంట్-టీచర్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక, కొందరు తల్లులు గొంతు తగ్గించి చెప్పే ఫిర్యాదు ఒకటుంటుంది. "మేడం, మా అత్తమ్మ బాబును ‘దొంగసచ్చినోడా’ అని పిలుస్తది. ఎన్నిసార్లు చెప్పినా మానదు. వీడు స్కూల్లో కూడా అంటాడేమో." ఇంగ్లిష్ మీడియం ఫీజు కడుతూ ఇంట్లో ఈ మాటలేమిటని వాళ్ళ దిగులు. తెలుగు టీచరుగా నేను ఆ నానమ్మ పక్షం. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు. మిగిలిన పావు సంగతి తర్వాత చెబుతాను.

మన చిలుకూరు (హైదరాబాదు బంధువులు అనుకునే వీసా బాలాజీ చిలుకూరు కాదు, కోదాడ పక్కనున్నది) తిట్ల విషయంలో కలిగిన ఊరే. సూర్యాపేట వైపు నుంచి ‘ఎడ్డోడా’, ‘తిక్కలోడా’, ‘బద్మాష్’ ఉన్నాయి. సరిహద్దు అవతల జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చిన కోడళ్ళతో ‘సన్నాసి’, ‘భడవ’, ‘వెధవాయి’ కూడా చేరాయి. ‘భడవ’ అసలు అర్థం స్కూల్ పత్రికలో రాయదగ్గది కాదు. తాతయ్యలకు అది తెలిస్తే మనవణ్ణి అలా పిలిచేవారు కాదేమో! వీటన్నిటిలో నాకు ఇష్టమైనది ‘గాడిద కొడకా’. కన్న తండ్రి నోట ఆ మాట రాగానే గాడిద ఎవరో పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఈ తిట్ల వెనక ఒక భయం ఉంది. పసిబిడ్డను చూసి "ఎంత ముద్దుగున్నడో" అనడానికి మన పెద్దవాళ్ళు జంకేవారు, దిష్టి తగులుతుందని. అందుకే ‘కోతి మొఖపోడా’ అని బుగ్గ గిల్లేవారు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళల్లో ఇంకా దూరం వెళ్ళారు. బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి పెంటయ్య అనీ పెంటమ్మ అనీ, ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లయ్య అనీ పేరు పెట్టారు. ఇంత పనికిరాని బిడ్డ మృత్యువు కంటికి ఆనదని ఆశ. పాతతరం పేర్లలో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. మీ అత్తమ్మ ‘సచ్చినోడా’ అన్నప్పుడు కోరేది కూడా వాడు చల్లగా ఉండాలనే.

ఎవరు ఎవరిని అనొచ్చో కూడా మన ఇళ్ళల్లో లెక్క ఉంది. తాత మనవణ్ణి అంటాడు, మనవడు తిరిగి అంటాడు. బావ, మరదలు, వదిన, బావమరిది ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. మామగారితో మాత్రం ఆ మాట పొసగదు. పెళ్ళిళ్ళలో వియ్యపురాలి మీద పాటలు కట్టి ఎగతాళి చేయడం మనకు తెలిసిందే; ఆ పూట కోపం తెచ్చుకున్నవాళ్ళదే తప్పు. ఇలాంటి బంధుత్వాలు ఆఫ్రికాలోనూ ఇతర చోట్లా ఉన్నాయని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే ఆంత్రపాలజిస్టు 1940లో ఒక వ్యాసమే రాశాడు. ఒకరు ఎగతాళి చేయాలి, రెండోవారు నొచ్చుకోకూడదు, అదీ నియమం.

మనవాళ్ళు దేవుణ్ణి కూడా ఈ లెక్కలోనే చేర్చారు. కోదాడకు దగ్గర్లోని నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో ఉండి, చేయించిన నగల ఖర్చంతా ఏకరువు పెట్టి రాముణ్ణి కసిరాడు. తర్వాత, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని బతిమాలుకున్నాడు. అంత చనువు లేనివాడు దేవుణ్ణి తిట్టగలడా?

ఇక ఆ పావు వంతు. ‘వెధవ’ అనే మాట ‘విధవ’ నుంచి వచ్చింది. భర్త పోయిన ఆడమనిషి దుఃఖాన్ని తీసుకుని అల్లరి పిల్లాడి మీద విసురుతున్నామన్నమాట. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఇన్నేళ్ళయినా తిట్టు మాత్రం అలాగే ఉంది. కరోనా కొన్ని ఇళ్ళల్లో మిగిల్చిన ఖాళీలు మీకు తెలుసు. తండ్రి లేని పిల్లాడు పక్కబెంచీలో ఉండగా మన పిల్లాడు నవ్వుతూ ‘వెధవా’ అన్నాడనుకోండి. అన్నవాడికి అర్థం తెలియదు. విన్నవాడికి ఏదో ఒకరోజు, బహుశా నా తెలుగు పీరియడ్‌లోనే, తెలుస్తుంది. ఆ రోజు వాడి మనసులో మెదిలేది వాళ్ళమ్మ మొహం. కులం పేర్లతో, కుంటి గుడ్డి అనే మాటలతో, ఒంటి రంగుతో కట్టిన ముద్దుమాటలూ ఇంతే. ‘నల్లదానా’ అని మురిపెంగా పిలిపించుకున్న పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అద్దం ముందు ఎంతసేపు నిలబడుతుందో తల్లులకే ఎక్కువ తెలుసు. ‘కోతి’ దగ్గర ఆ బెడద లేదు. కోతులు నొచ్చుకోవు.

ఇంకొకటి చూసుకోవాలి. నానమ్మ తిడితే పిల్లాడు నవ్వుతూ తిరిగి "నువ్వే దొంగ" అనగలుగుతున్నాడా? అంటుంటే వదిలేయండి. పదమూడో ఏటో పద్నాలుగో ఏటో ఉన్నట్టుండి నవ్వడం మానేస్తారు, ముఖ్యంగా బయటివాళ్ళ ముందు. పేరు మార్చాల్సిన సమయం అదే. నానమ్మకు చెప్పాల్సింది కూడా అంతే: "వాడి దోస్తులు వచ్చినప్పుడు వద్దత్తమ్మా" అంటే చాలు, ఆమె అర్థం చేసుకుంటుంది. మొత్తంగా నోరు కట్టేస్తే ఆ ఇంట్లో వాడితో అంత చనువుగా మాట్లాడే మనిషి ఒకరు తగ్గుతారు.

మా టీచర్లకు ఈ చనువు లేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "సార్ ప్రేమతోనే గాడిదా అన్నాడు" అని ఏ పిల్లాడైనా చెప్పినా మాకు తెలియజేయండి. నలభై మంది ముందు మార్కులు వేసే మనిషి అన్న మాటకు పిల్లాడు తిరిగి జవాబివ్వలేడు.

ఈ నెల ఆరు, ఏడు తరగతుల తెలుగు ప్రాజెక్టు ఇదే. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి పది ముద్దుతిట్లు సేకరించాలి. ఎవరు ఎవరిని అనేవారో, ఏ సందర్భంలోనో పక్కన రాయాలి. రాయదగనివి పిల్లలు వదిలేస్తారు. ఏవి వదిలేయాలో మీరు పక్కన కూర్చుని చెప్పండి. నోటుపుస్తకాలు నెలాఖరు శనివారానికి క్లాస్ టీచరుకు చేరాలి.