ఎక్స్ నొక్కినా... ఎస్సే!

మిట్టమధ్యాహ్నం తలుపు కొట్టిన సేల్స్‌మన్‌ను 'మాకేమీ వద్దు బాబూ' అని పంపేసి తలుపేసుకున్నారు. ఆ తలుపేయడాన్నే 'సరే' అన్నట్టు రాసుకుని, మర్నాడు పొద్దున్నే అతను మీ హాల్లో కొత్త సోఫా దించి పాతది పట్టుకుపోతే? 2016లో లక్షలమంది కంప్యూటర్ల ముందు జరిగిన తంతు అచ్చం ఇలాంటిదే.

అంతకుముందు ఏడాది జులై 29న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10ను విడుదల చేసింది. విండోస్ 7, 8.1 వాడుతున్నవాళ్లు ఏడాదిలోపు మారితే పైసా కట్టక్కర్లేదంది. అయినా చాలామంది కదల్లేదు. పాత ప్రింటరు పనిచేయదేమోనని కొందరు, ఉన్నది బాగానే ఉందిగా అని కొందరు. 'మారండి మారండి' అంటూ తెరమీద ఓ పెట్టె అదేపనిగా ప్రత్యక్షమయ్యేది. జనం మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కి మూసేసేవారు. కంప్యూటర్ ముట్టుకున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన భాష అది. ఎక్స్ అంటే వద్దు!

2016 మే నెలలో ఆ భాషకు అర్థం మారిపోయింది. ఫలానా రోజు, ఫలానా వేళకు మీ విండోస్ మారిపోతుందని పెట్టెలో కనిపించేది. దాన్ని ఎక్స్‌తో మూస్తే రద్దయినట్టు కాదు, ఒప్పుకున్నట్టు లెక్క. రద్దు చేయాలంటే లోపలున్న చిన్న లింకు వెతికి నొక్కాలి. పొద్దున లేచి చూస్తే ఏముంది... కొత్త విండోస్!

ఈ ఎక్స్ గొడవకు ముందే, తనను అడక్కుండానే అప్‌గ్రేడ్ మొదలై కంప్యూటర్ రోజుల తరబడి పనికిరాకుండా పోయిందంటూ కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ కోర్టుకెళ్లింది. 10,000 డాలర్లు గెలుచుకుంది. తప్పు చేశామని ఒప్పుకోకపోయినా, సంస్థ అప్పీలు మాత్రం విరమించుకుంది. జూన్ చివర్లో పెట్టెలో 'వద్దు' అనే మీటకూ చోటు దొరికింది. ఎక్స్ విషయంలో హద్దు దాటామని ఆ ఏడాది డిసెంబరులో సంస్థ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కాపొసెలా స్వయంగా అంగీకరించారు.

సరే, మారినవాళ్ల సంగతో? అక్కడ ఇంకో కథ. ఏయే అప్లికేషన్లు వేసుకున్నారు, ఒక్కోదానిమీద ఎంతసేపు గడిపారు అన్న వివరాలు సైతం విండోస్ 10 సేకరిస్తోందని, అది అవసరానికి మించిన పని అని ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ 2016 జూన్ చివర్లో నోటీసిచ్చింది. ఏడాది తిరక్కుండానే, కనీస స్థాయిలో సేకరించే సమాచారాన్ని మైక్రోసాఫ్ట్ దాదాపు సగానికి తగ్గించింది. దాంతో నోటీసు మూతపడింది. సగం తీసేసినా కంప్యూటర్లు శుభ్రంగానే నడిచాయి. మరి ఆ సగం అంతకుముందు ఎవరికోసం తీసుకున్నట్టు?

2024 మేలో, మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోనే, 'రీకాల్' ప్రకటన వచ్చింది. తెరమీద మనం చూస్తున్నదాన్ని కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి దాచిపెట్టే సదుపాయం. ఎప్పుడో చూసిన చీర ఫొటో మళ్లీ వెతుక్కోవడానికి భలే ఉంటుంది, కాదనం. ఆ ఫొటోలు సంస్థకు వెళ్లవు, మన కంప్యూటర్లోనే ఉంటాయన్నారు. కానీ బ్యాంకు ఖాతా, డాక్టరు రిపోర్టు తెరిచినా అదే ఫొటో కదా! దాచిన తీరులోని లొసుగుల్ని భద్రతా నిపుణులు బయటపెట్టేసరికి గగ్గోలు రేగింది. సంస్థ వెనక్కి తగ్గి, మనం కావాలంటేనే పనిచేసేలా మార్చింది. అలా మార్చిన రీకాల్ 2025 ఏప్రిల్‌లోగానీ, అదీ కొత్తరకం కంప్యూటర్లకుగానీ రాలేదు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో కొత్త లాప్‌టాప్ కొనే ఇళ్లు ఎక్కువే ఉంటాయి. కొన్నప్పుడు మనం కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటాం, మన తరఫున 'యాక్సెప్ట్, నెక్స్ట్' అని టకటకా నొక్కేది షాపులో కుర్రాడు. ఏ సమాచారం పంపాలో, ప్రకటనలకు మన గుర్తింపు వాడుకోవచ్చో లేదో అడిగే ప్రశ్నలన్నీ ఆ రెండు నిమిషాల్లోనే వచ్చి వెళ్లిపోతాయి. ఇప్పటికే అయిపోయిందా? సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' తెరిచి, 'డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్'లో ఐచ్ఛిక సమాచారం పంపే మీటను ఆపేయొచ్చు. 'తప్పనిసరి' అని రాసి ఉన్న సమాచారం మాత్రం వెళ్తూనే ఉంటుంది. ఇంట్లో వాడే హోమ్ ఎడిషన్‌లో దాన్ని ఆపే మీట సెట్టింగ్స్‌లో ఎక్కడా లేదు.