పాలపొడి సిద్ధాంతం

మన సభల్లోనూ, కాలేజీ స్టాఫురూముల్లోనూ తరచు వినిపించే మాట ఒకటుంది. మాలమాదిగలు క్రైస్తవులు ఎందుకయ్యారని ఎవరన్నా అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఏముందీ, పాలపొడి పోశారు, గోధుమరవ్వ పెట్టారు, మారారు!" ఈ మాట మతోన్మాదులు అంటే ఆశ్చర్యం లేదు, వాళ్ల వృత్తే అది. కాని అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్లు, గతితర్కం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు, అదే మాట నవ్వుతూ అంటున్నారు. ఆకలి, అన్నం, మతం అని ఒక వరసలో పేర్చి, ఇది భౌతికవాద విశ్లేషణ అనుకుంటున్నారు. కులాహంకారానికి ఎర్ర చొక్కా తొడిగినంత మాత్రాన అది భౌతికవాదం అయిపోదు.

ముందు తేదీలు చూద్దాం. అమెరికా మిగులు ధాన్యం మన రేవుల్లో దిగటానికి దారి చేసిన పి.ఎల్. 480 చట్టం 1954 నాటిది. ఒంగోలు ప్రాంతంలో మాదిగలు వేలమంది బాప్తిస్మం పుచ్చుకున్నది 1878లో. మధ్య డెబ్భై ఆరేళ్లు. తాత మతం మారటానికి మనమడు తాగబోయే పాలపొడి కారణమైందన్న మాట! పోనీ, ఆ గోధుమ తిన్నవాళ్లంతా మతం మారారా? ఆ గోధుమను ఓడలకు ఓడలు దింపుకున్నది సాక్షాత్తు భారత ప్రభుత్వం. ప్రభుత్వం బాప్తిస్మం పుచ్చుకున్నట్టు దాఖలా లేదు.

ఇక ఒంగోలులో ఏం జరిగింది? అమెరికన్ బాప్తిస్టు పాదిరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చింది 1866లో. ఆయన వెళ్లి మాదిగలను వెతికి పట్టుకోలేదు. పడమటి మెట్టపల్లెల నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు, తనే వెతుక్కుంటూ వచ్చాడు. పేరయ్య అంతకు ముందే రాజయోగుల దగ్గర గురూపదేశం పొందినవాడు. అంటే, గుడి తలుపు మూసిన మతంలో తనకు చోటు లేదని గ్రహించి, వేరే దారి వెతుకుతున్న మనిషి. ఆ వెతుకులాట దొర రాకముందే మాదిగవాడలో మొదలైంది. దొర దాన్ని సృష్టించలేదు. అది దొర గుమ్మం తొక్కింది.

ఆ గుమ్మం తొక్కగానే ఏమైందో కూడా గుర్తుంచుకోవాలి. మాదిగలను చేర్చుకుంటే మిషను బడిలో పిల్లలను మాన్పిస్తామన్నారు ఊళ్లోని పైకులాల వాళ్లు. అన్నట్టే మాన్పించారు. క్లౌకు ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఆయన మాదిగలను ఎంచుకున్నాడు.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు ముఖ్యంగా మూడు. విగ్రహాలకు మొక్కరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. ఆదివారం పని చేయరాదు. మన విమర్శకులు మొదటి షరతు దగ్గరే ఆగిపోతారు. మూడోది చూడండి. పాలేరుకు, వెట్టిమాదిగకు వారం అనేది లేని ఊళ్లో, కోతల కాలంలో, "ఇవాళ రాను" అని ఆసామితో చెప్పటమంటే ఏమిటి? జాతరలో డప్పు కొట్టనని పెద్దలతో చెప్పటమంటే ఏమిటి? కూలివాడు తన శ్రమ మీద తనకు హక్కుందని చెప్పటమే అది. ఆ మాట చెప్పటానికి అతనికి అప్పట్లో సంఘం లేదు, జెండా లేదు, మనం లేము. యెహోవా ఆజ్ఞ అనే సాకు ఒక్కటే ఉంది. ఆ సాకును అతను కొడవలిలాగా వాడుకున్నాడు. ఊరి పెద్దలకు ఈ సంగతి వెంటనే అర్థమైంది. అందుకే నీళ్లు ఆపారు, కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. దేవుడి పేరు మారినందుకు ఏ ఆసామీ అంత ఖర్చు పెట్టుకోడు.

తరువాత 1876-78 కరువు వచ్చింది. మనవాళ్లు ధాత కరువు అన్నది దాన్నే. బకింగుహాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల మేర పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, మాదిగ బోధకులనే మేస్త్రీలుగా పెట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. పాలపొడి సిద్ధాంతమే నిజమైతే బాప్తిస్మాలు ఇక్కడ జోరుగా జరగాలి. కాని కూటి కోసం వచ్చినవాళ్లన్న మాట పడకూడదని పదిహేను నెలలపాటు ఆయన ఒక్క బాప్తిస్మమూ ఇవ్వలేదు. కరువుపని ముగిశాక, ఇక తన దగ్గర పెట్టటానికి ఏమీ లేదు, పొమ్మన్నా జనం పోలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ముంచటం కూడా దొర చేతులతో జరగలేదు. ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

మిషన్ల వల్ల లాభపడినవాళ్ల జాబితా తియ్యాలంటే మొత్తం తీద్దాం. మచిలీపట్నంలో రాబర్టు నోబుల్ 1843లో పెట్టిన బడి పైకులాల పిల్లల కోసం పెట్టినది. పంచముల పిల్లలకు అందులో ప్రవేశం లేదు. అటువంటి బడుల్లో ఇంగ్లీషు నేర్చి, ప్లీడర్లూ తాసీల్దార్లూ అయిన కుటుంబాలు కోస్తా అంతటా ఉన్నాయి. వాళ్లు మిషను నుంచి పుచ్చుకున్నది పాలపొడి కంటే ఎన్నో రెట్లు విలువైనది. వాళ్లను "డిగ్రీ క్రైస్తవులు" అని ఎవరూ వెక్కిరించలేదు. మతం మారకుండా ఉద్యోగం పుచ్చుకుంటే తెలివి. మతం మారి అక్షరం పుచ్చుకుంటే అమ్ముడుపోవటం!

ఇదంతా చెప్పి నేను మిషన్లకు హారతి పట్టటం లేదు. వాళ్ల నేరాలు వాళ్లకున్నాయి, పాలపొడి కంటే పెద్దవే ఉన్నాయి. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలను పుట్టుదొంగలని ముద్రవేసి నిర్బంధించిన స్టువర్టుపురం సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలి సెటిల్‌మెంటును నడిపింది బాప్తిస్టు మిషను. ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో హాజరు పట్టీ. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు. మిషన్లు బడి ఇచ్చాయి, ఆసుపత్రి ఇచ్చాయి; భూమి ఎవరిదన్న ప్రశ్న మాత్రం అడగలేదు. ఊళ్లో మాల, మాదిగ అని ఉన్న గీత చర్చిలోకి వచ్చినా చెరపలేకపోయాయి. ఈ నేరాలు చెప్పి తీరాలి. అయితే నేరం చేసినవాడి పేరు చెప్పాలి గాని, బోనులో నిలబడినవాణ్ణి చూపించి నవ్వకూడదు.

నవ్వితే నష్టమేమిటని అడగవచ్చు. ఆ నవ్వు చట్టంలోకి ఎక్కింది గనక నష్టం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. షెడ్యూల్డు తెగలకు ఈ మతపరీక్ష అసలే లేదు. దళిత క్రైస్తవుడు మాత్రం మన రాష్ట్రాల్లో బి.సి. 'సి' గ్రూపులో పడతాడు; ఆ గ్రూపు వాటా ఒక్క శాతం. మతాన్ని బట్టి ఈ హోదా తెగ్గొట్టవద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో మరో కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాదిరీగా ఉన్న వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదన్నది. అంచేత మన విద్యార్థికి రెండు పేర్లు: సర్టిఫికెట్టులో ఒకటి, ఆదివారం చర్చిలో ఒకటి. పుట్టిన దగ్గర్నుంచీ అబద్ధం ఆడితే తప్ప హక్కు దక్కని మనిషిని చూసి, "వాడికి నిజాయితీ లేదు" అంటాం!

కులం మటుకు ఈ ఉత్తర్వు చదవలేదు. 1985 జులై 17న కారంచేడులో గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు బాప్తిస్మం సర్టిఫికెట్టు అడగలేదు. చనిపోయిన ఆరుగురిలో బైబిలు పేర్లవాళ్లు ఉన్నారు. మిగిలినవాళ్లు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చంపేవాడికి మాదిగగా కనిపించిన మనిషి చట్టానికి మాదిగగా కనిపించకపోవటం ఎటువంటి న్యాయం?

మతాన్ని గురించి మార్క్స్ రాసిన పేరాలో మత్తుమందు ముక్క ఒక్కటే మనకు కంఠతా వచ్చు. దానికి ముందున్న వాక్యాలు పీడితుడి నిట్టూర్పును గురించి చెబుతాయి. వాటిని చదివినవాడు గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డ జనాన్ని చూసి నవ్వలేడు.

వామపక్ష పార్టీల తీర్మానాల్లో దళిత క్రైస్తవుల హోదా సంగతి కనిపించకపోలేదు. కాని తీర్మానం కాగితం మీద ఉంది, వెక్కిరింత నోటి మీద ఉంది. కాగితం కంటే నోరు ఎక్కువమందికి చేరుతుంది. మన ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాలు మూడో పేరా రద్దు కోసం తమ జిల్లా సభల్లోనే గట్టిగా అడగాలి. అంతకు ముందు, స్టాఫురూములో పాలపొడి మాట వినపడ్డప్పుడు, టీ గ్లాసు కింద పెట్టి, "1878లో పాలపొడి ఎక్కడిదండీ?" అని అడగాలి. ఆ గదిలో రెండు పేర్లున్న మాష్టారు ఒకాయన తల వంచుకుని కూర్చుని ఉంటాడు. ఆయన తల ఎత్తటానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.