పంటికీ పన్నుకీ మధ్య శరణార్థి

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు సెలవులకు ఊరొచ్చినప్పుడు పెట్టుకునే పనుల్లో పళ్ల డాక్టర్‌ దగ్గరికి వెళ్లడం ఒకటి. అక్కడ ఒంటికి ఒక బీమా, నోటికి వేరే బీమా. రూట్ కెనాల్‌కూ క్యాపుకూ అయ్యే ఖర్చులో చాలా భాగం సొంత జేబులోంచే పోతుంది. అందుకే ఆ పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కానిచ్చుకుని వెళ్లడం చాలామందికి కలిసొస్తుంది. ఇంటికి వెళ్లి రాగలిగిన వలసదారుకు ఉన్న ఈ వెసులుబాటు శరణార్థికి లేదు. తిరిగి వెళ్తే ప్రాణానికి ముప్పన్న భయమే కదా వారిని శరణార్థులను చేసింది! కొత్త దేశం వారి పంటిని పట్టించుకోకపోతే పట్టించుకునే దేశం మరొకటి ఉండదు. మరి ఆ దేశాలు పట్టించుకోవడం లేదా? పట్టించుకుంటున్నాయి, కాకపోతే నొప్పి పుట్టాక. అసలు చిక్కంతా ఆ షరతులోనే ఉంది.

జర్మనీ సంగతే చూద్దాం. ఆశ్రయం కోరి వచ్చినవారికి ఏ సాయం అందాలో చెప్పే చట్టం అక్కడ 1993లో వచ్చింది. దాని నాలుగో సెక్షన్‌ ఉన్నట్టుండి వచ్చిన జబ్బులకు, నొప్పికి చికిత్స చేయమంటుంది. కట్టుడు పళ్లు కావాలంటే మాత్రం ఇక ఆగడానికి వీల్లేదని వైద్యపరంగా తేలాలి. ఆశ్రయం మంజూరైనవారు మామూలు ఆరోగ్య బీమాలోకి వెళ్లిపోతారు. దరఖాస్తు తేలనివారు ఒక గడువు దాటేదాకా ఈ పరిమితుల మధ్యే నెట్టుకురావాలి. ఆ గడువు 2015లో 48 నెలల నుంచి 15కు తగ్గింది, 2019లో 18 అయింది, 2024లో ఒక్కసారిగా 36కు పెరిగింది. అంటే మూడేళ్లు. పైగా చాలాచోట్ల డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలంటే ముందు సంక్షేమ కార్యాలయం నుంచి చీటీ తెచ్చుకోవాలి. నోరు తెరిచి చూసే డాక్టర్‌ను చేరడానికి ముందు కాగితం చూసే గుమాస్తాను దాటాలన్నమాట.

చట్టం నొప్పిని కొలబద్దగా పెట్టుకుంది కానీ, పన్ను ఆ కొలబద్దకు లొంగదు. పంటి పైపొర ఎనామిల్‌లో నరాలుండవు. పుచ్చు అక్కడ మొదలైనప్పుడు మనిషికి ఏమీ తెలియదు. తక్కువ ఖర్చుతో, చిన్న ఫిల్లింగ్‌తోనో అంతకంటే తేలిగ్గానో పోయే దశ అదే. లోపలి పొరకు దిగాక చల్లనివీ తీపివీ తగిలితే జివ్వుమంటుంది. నరం ఉండే గుజ్జును తాకాకే రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని పోటు మొదలవుతుంది. అప్పటికి తరచుగా మిగిలేవి రెండే దారులు: రూట్ కెనాల్‌ చేయడం, లేదా పన్ను పీకేయడం. మొదటిది ఖరీదైన పని, ఒకటికి రెండుసార్లు రావాలి. రెండోది చవక, ఒక్క పూటలో తేలిపోతుంది. నొప్పి తగ్గించడమే లక్ష్యమైన చోట ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు. చిగుళ్ల జబ్బయితే పళ్లు కదిలేదాకా నొప్పే లేకుండా ముదరగలదు. తీరుబడిగా బతుకుతున్న మనిషికే ఇలా ఉంటే, ఏళ్ల తరబడి యుద్ధంలో, శిబిరాల్లో, దారుల్లో గడిపినవారి నోరు ఎలా ఉంటుంది? చిత్రహింసల్లో పళ్లు విరిగినవారూ వారిలో ఉంటారు. అందుకే చిత్రహింసల ఆనవాళ్లను నమోదు చేయడానికి ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌లో దంత పరీక్షకూ చోటుంది.

ముందే చూపించుకుంటే మేలని జర్మనీకి తెలియదా అంటే, ఆ దేశానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అక్కడి ప్రభుత్వ బీమాలో ఉన్నవారి దగ్గర ఒక బోనస్ పుస్తకం ఉంటుంది. ఏటా పళ్లు చూపించుకున్నట్టు అందులో నమోదవుతుంది. కట్టుడు పళ్లకు మామూలుగా 60 శాతం ఉండే నిర్ణీత రాయితీ, ఐదేళ్లు వరసగా చూపించుకుంటే 70కి, పదేళ్లయితే 75కు పెరుగుతుంది. తనవారికి ముందుజాగ్రత్త నేర్పి బహుమానం ఇచ్చే దేశమే, ఆశ్రయం కోరినవారిని నొప్పి వచ్చేదాకా ఆగమంటోంది. ఇందులో పొదుపైనా ఉందా? బొజోర్గ్‌మెహర్, రాజుమ్ అనే పరిశోధకులు 1994 నుంచి 2013 దాకా ఉన్న గణాంకాలు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. పరిమిత వైద్యం పొందినవారి మీద తలసరి ఖర్చు, పూర్తి వైద్యం అందినవారి మీద అయినదానికంటే దాదాపు 40 శాతం ఎక్కువని తేలింది. ఇది పళ్లకే కాదు, మొత్తం వైద్యానికి చెందిన లెక్క. అయినా ముదిరాక చూసే పద్ధతి ఖజానాకు లాభమన్న నమ్మకాన్ని ఇది గట్టిగానే కదిలిస్తుంది.

ఇక అభ్యంతరాలు. తెలుగులో పన్ను అన్న మాటకు రెండర్థాలున్నాయి, ఈ వాదమూ ఆ రెండింటి మధ్యే నడుస్తుంది. పన్ను కట్టే పౌరుడికే దక్కని పంటి వైద్యం పరాయివారికి ఎందుకన్నది మొదటి ప్రశ్న. 2012లో కెనడా ప్రభుత్వం శరణార్థుల ఆరోగ్య పథకానికి కోత పెట్టినప్పుడు ఈ మాటే చెప్పింది. ఐదేళ్లలో 10 కోట్ల డాలర్లు మిగులుతాయంది. 2014లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఆన్ మక్టావిష్ ఆ కోతను క్రూరమైన చర్యగా తప్పుపట్టారు. 2016 ఏప్రిల్‌లో పథకం మళ్లీ పూర్తిగా అమల్లోకి వచ్చింది. అయితే పౌరుడి ప్రశ్నను కొట్టిపారేయకూడదు. కెనడా ప్రభుత్వ వైద్యంలో పళ్లు చాలాకాలం లేనే లేవు, ఆ కడుపుమంట నిజమైనదే. దానికి సరైన జవాబు పౌరుడికీ ఇవ్వడం. బీమా లేని మధ్య, దిగువ ఆదాయాల వారి కోసం 2023 చివర్లో కెనడా ప్రకటించిన దంతవైద్య పథకం ఆ దారిలో వేసిన అడుగే. ఇద్దరి పళ్లూ పుచ్చుతున్నప్పుడు ఒకరికి ఆపితే రెండోవారి పన్ను బాగుపడదు.

రెండో అభ్యంతరం, వైద్యం బాగుంటే జనం ఎగబడి వస్తారన్నది. బాంబులు పడుతున్న ఊరి నుంచి పిల్లల్ని చంకనెత్తుకుని బయల్దేరే మనిషి ఏ దేశంలో ఫిల్లింగ్ ఉచితమో ఆరా తీస్తాడనుకోవడం కష్టం. ఒకవేళ అందులో కొంత నిజముందనుకున్నా, వలసను తగ్గించాలన్న లెక్కతో మనిషి కనీస అవసరాలను కుదించడం చెల్లదని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2012లో తేల్చింది. ఆ తీర్పు భత్యాల గురించి వచ్చినా అందులోని సూత్రం వైద్యానికీ వర్తించాల్సిందే. ఆచరణలో కుదరదన్న మాటకూ జవాబుంది. 2022 జూన్ నుంచి ఉక్రెయిన్ శరణార్థులను జర్మనీ మామూలు సంక్షేమ వ్యవస్థలోకే, దాంతోపాటు పూర్తి ఆరోగ్య బీమాలోకే తీసుకుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ప్రభుత్వ దంత వైద్యశాలల్లో శరణార్థులకు ముందు వరసలో చోటిచ్చి రుసుము కూడా మినహాయించింది. కుదరకపోవడం కాదు, తలుచుకోకపోవడమే.

జర్మనీ ఉమ్మడి వసతి గృహాల్లో చేరే వయోజనులకు క్షయ ఉందేమోనని ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. క్షయ పక్కవాడికి అంటుకుంటుంది, పుచ్చిన పన్ను ఆ మనిషినే తింటుంది. ఏది చూడాలి, ఏది వదలాలి అన్నది ఆ తేడాను బట్టే తేలుతున్నట్టుంది. మన ఆరోగ్యానికి ముప్పు తెచ్చే జబ్బును మొదటి రోజే వెతికి, వారి ఆరోగ్యాన్ని మాత్రం మూడేళ్లు ఆగమనడం ఆతిథ్యం అనిపించుకోదు. ఆ ఎక్స్‌రే తీసే రోజే నోరు కూడా తెరిపించి చూసి, నొప్పి లేని పుచ్చుకు ఫిల్లింగ్ వేసి పంపితే, మూడేళ్ల తర్వాత పీకాల్సిన పళ్లు చాలామటుకు మిగులుతాయి.