వంతెన నేర్పిన పాఠం

జంషెడ్‌పూర్‌లోని సోనారి వద్ద, దోముహాని అనే చోట, ఖర్కాయి నది సువర్ణరేఖలో సంగమిస్తుంది. అక్కడి వంతెన నడిచేవారికి సమతలంగానే తోస్తుంది. దాని ఎత్తు పరుగెత్తేవారి కాళ్లకే తెలుస్తుంది.

నలభయ్యో ఏట తొలిసారి ఆ వంతెన పందెంలో పాల్గొన్నాను. యువకుల వెంట ఉరికి, సగం దూరమైనా చేరకముందే ఊపిరందక కమ్మీ పట్టుకుని నిలిచిపోయాను. నా కుమారుడు చూస్తున్నాడన్న సిగ్గు ఆయాసాన్ని మించింది. అంతలో ఒక వృద్ధుడు పొట్టి అడుగులతో నన్ను దాటిపోతూ, "ఎత్తులో అడుగు తగ్గించు బాబూ, పట్టుదల కాదు" అన్నాడు.

ఆ మాటలో శాస్త్రమున్నది. ఎత్తు ఎక్కేటప్పుడు అదే వేగం నిలుపుకోవాలంటే శరీరానికి మరింత ప్రాణవాయువు కావాలి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే వేగాన్ని అదుపుచేస్తాయి. మరునాటి నొప్పులకు అదే కారణం. 1976 నుండి న్యూయార్క్ మారథాన్ వెరజానో వంతెనపై ఆరంభమవుతున్నది. ఆ పందెం మొత్తంలో అత్యున్నత స్థలం తొలి మైలులోనే ఎదురవుతుంది. అక్కడ తొందరపడినవారు తక్కిన పాతిక మైళ్లలో మూల్యం చెల్లించవలసిందే.

ఏడాదిపాటు ప్రతి ఉదయం పొట్టి అడుగులు అభ్యసించాను. మరుసటి పందెంలో ఎందరో నన్ను దాటిపోయారు. ఆవలి ఒడ్డున కుమారుడు ఎదురువచ్చి, "ఎన్నో స్థానం నాన్నా?" అని అడిగాడు.

"తెలియదురా. ఈసారి మాత్రం ఆగలేదు" అన్నాను.