గృహయంత్ర విషయములు: పలుకని వైఫై కార్డు



ఇంటిలో పాత ల్యాప్‌టాప్ ఒకటి యుండుట నేడు సామాన్యవిషయము. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10 నకు జరుపుచుండిన సాధారణ సంరక్షణమును 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిపివేసినది. విండోస్ 11 కావలెనన్నచో టీపీఎం 2.0 అను భద్రతాసాధనమును, మిక్కిలి పాతది గాని ప్రాసెసరును ఉండవలెనని నియమించినది. ఆ రెండును లేని యంత్రములు పనికిమాలినవి కావు. వాని తెర వెలుగుచునే యున్నది. మీటలు ఆడుచునే యున్నవి. అట్టి యంత్రమున లినక్సు నెక్కించినచో పిల్లల చదువునకును, ఇంటి లెక్కలకును, దూరదేశమున నున్నవారితో ముచ్చటించుటకును మరికొన్ని సంవత్సరములు నిక్షేపముగా నుపయోగపడును.

అయితే లినక్సు నెక్కించిన దినముననే పలువురకు ఒక చిక్కు ఎదురగును. తక్కినవన్నియు చక్కగా నడచును గాని వైఫై మాత్రము పలుకదు. చుట్టుపట్ల నున్న వైఫైల పేర్లలో ఒక్కటియు తెరమీదికి రాదు. "కార్డు పోయినది, క్రొత్తయంత్రము కొనుడు" అని చెప్పువారు వెంటనే దొరకుదురు. ఆ మాటను నమ్మి వేలకొలది రూపాయలు వెచ్చించుటకు ముందు, కార్డు నిజముగా చచ్చినదో, ఊరక మౌనము వహించినదో తెలిసికొనవలెను. మేమెఱిగినంతలో చచ్చినవి తక్కువ, మౌనము వహించినవే యెక్కువ.

వీణ నొకదానిని తలపునకు తెచ్చుకొనుడు. వీణ యున్నంతమాత్రమున పాట రాదు. వాయించు చేయి కావలెను, తీగెలు బిగించియు నుండవలెను. వైఫై కార్డు వీణ వంటిది. డ్రైవరు వాయించు చేయి. ఇది లినక్సులోని భాగము. ఫర్మ్‌వేర్ అనునది తీగె. ఇది కార్డును తయారుచేసినవారు వ్రాసిన చిన్న కార్యక్రమము. యంత్రమును తెఱచిన ప్రతిసారియు డ్రైవరు దానిని కార్డులోనికి ఎక్కింపవలెను. చేయి యుండి తీగె లేకున్నను, తీగె యుండి చేయి లేకున్నను ఫలము ఒక్కటియే: నిశ్శబ్దము.

ఇంటెల్ సంస్థ తన ఫర్మ్‌వేరును ఎల్లరును పంచుకొనవచ్చునని యనుమతించినది గనుక ఆ కార్డులతో చిక్కు తక్కువ. పాత ల్యాప్‌టాపులలో విరివిగా కనబడు బ్రాడ్‌కామ్ కార్డుల కథ వేఱు. ఆ సంస్థ తొలుత వాని మర్మమును లినక్సువారికి తెలుపలేదు. అప్పుడు కొందఱు స్వచ్ఛందముగా పూనుకొనిరి. ఒక జట్టువారు సంస్థవారి డ్రైవరును పరిశీలించి, అది కార్డుతో నెట్లు సంభాషించునో వ్రాసిపెట్టిరి. వేఱొక జట్టువారు ఆ వ్రాతను మాత్రమే చూచి క్రొత్త డ్రైవరును రచించిరి. నకలు చేసితిరను నిందకు తావీయని పద్ధతి యిది. 2006లో వెలువడిన లినక్సు కెర్నెల్ 2.6.17 నందు ఆ డ్రైవరు చేరినది. దాని తరువాతి రూపమే నేటి బి43. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్‌వారే కొన్ని క్రొత్తకార్డుల డ్రైవరు మూలమును బహిరంగపఱచిరి; పాతవానికి ఆ భాగ్యము కలుగలేదు. బి43 చేయి సిద్ధమైనను, తీగెను లినక్సుతో కలిపి పంచుటకు అనుమతి లేదు. 2023 జూనులో వెలువడిన డెబియన్ 12 మొదలుకొని స్థాపనప్రతిలోనే పెక్కు ఫర్మ్‌వేరులు చేర్చబడుచున్నను, ఈ పాతకార్డులది అందులో లేకుండుటకు కారణ మిదియే.

ఇక పరీక్షాక్రమము. ఇందుకు టెర్మినల్ అను కిటికీని తెఱవవలెను. నల్లని యా కిటికీని చూచి బెదరనక్కఱలేదు. ఈ క్రింద చెప్పునవి చూచుటకే గాని మార్చుటకు గావు; వీనివలన ఏ హానియు కలుగదు. ఆజ్ఞలన్నియు ఆంగ్లపు చిన్న యక్షరములతో వ్రాయవలెను.

మొదటిది, మీట. ఆర్, ఎఫ్, కె, ఐ, ఎల్, ఎల్ అని యెడము లేక వ్రాసి, ఒక యెడము విడిచి లిస్ట్ అని చేర్చుడు. "హార్డ్ బ్లాక్డ్" అనుచోట "యెస్" అని వచ్చినచో ల్యాప్‌టాపు అంచున నున్న చిన్న మీటయో, రేడియో గుర్తు గల పై వరుసమీటయో మూసియున్నదని యర్థము. చేతితో తెఱచిన చాలును.

రెండవది, పేరు. ఎల్, ఎస్, పి, సి, ఐ అని వ్రాసి, ఎడము విడిచి, అడ్డగీత పెట్టి ఎన్, ఎన్, కె అని చేర్చుడు. "నెట్‌వర్క్ కంట్రోలర్" అని యున్న పంక్తి మీ వైఫై కార్డుది. దాని చివర నలుచదరపు కుండలీకరణములలో 14ఇ4:4315 వంటి సంఖ్య యుండును. 14ఇ4 అన్న బ్రాడ్‌కామ్, 8086 అన్న ఇంటెల్, 10ఇసి అన్న రియల్‌టెక్. పెట్టెమీది పేరును గాక ఈ సంఖ్యనే నమ్మవలెను.

మూడవది, చేయి. ఆ పంక్తి క్రిందనే "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అను మాట యుండవలెను. లేనిచో కార్డును ఏ డ్రైవరును చేపట్టలేదన్నమాట.

నాలుగవది, తీగె. సుడో అని వ్రాసి, ఎడము విడిచి, డి, ఎం, ఇ, ఎస్, జి అని వ్రాసినచో యంత్రము తన దినచర్యను చూపును. అందు ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని బి43 మొఱపెట్టుకొనిన పంక్తి యుండెనేని, రోగము తేలినట్లే.

మందు అంతర్జాలములో నున్నది. అంతర్జాలమునకు వైఫై కావలెను. ఈ ముడిని విప్పునది మన చేతిలోని ఫోనే. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు తీగెతో ల్యాప్‌టాపునకు తగిలించి, ఫోనులోని అమరికలలో "యూఎస్‌బీ టెథరింగ్" అనుదానిని తెఱచినచో వేఱొక డ్రైవరు లేకయే అంతర్జాలము వచ్చును. తరువాత ఉబుంటులోనైన "అడిషనల్ డ్రైవర్స్" అను తెరలో బ్రాడ్‌కామ్ వరుసను ఎన్నుకొనవలెను. డెబియనులోనైన కాంట్రిబ్ అను విభాగమును తెఱచి, ఫర్మ్‌వేర్-బి43-ఇన్‌స్టాలర్ అను మూటను తెచ్చుకొనవలెను.

ఇచట రెండు జాగ్రత్తలు. ఉబుంటు తెచ్చునది డబ్ల్యూఎల్ అను సంస్థవారి సొంత డ్రైవరు. దానిని, బి43ను ఒక్కమాఱుగా నడుపరాదు. ఒక ఒరలో రెండు కత్తులిమడవు. ఇక సెక్యూర్ బూట్ తెఱచియున్న యంత్రమైనచో, డ్రైవరు నెక్కించునపుడు ఒక సంకేతపదమును అడుగును. యంత్రమును తిరిగి తెఱచినప్పుడు నీలితెర యొకటి వచ్చును. అందు "ఎన్‌రోల్ మోక్" అనుదానిని ఎన్నుకొని ఆ సంకేతపదమునే యీయవలెను. తొందరలో దానిని దాటవేసినచో డ్రైవరు గడపదాటి లోనికి రాదు. మరల కార్డే చెడినదని భ్రమపడుదుము.

ఇవన్నియు చేసినను పలుకనిచో, అప్పుడు చిన్న యూఎస్‌బీ వైఫై సాధనమును కొనవచ్చును. క్రొత్త ల్యాప్‌టాపు వెలలో అది స్వల్పభాగము. అదియు ఏథరాస్ ఏఆర్9271 వలె కెర్నెల్‌లోనే డ్రైవరు గల చిప్పుదై యుండవలెను. అమ్మువాని నా సంఖ్య యడిగి మఱి కొనుడు.

యంత్రవిద్య మగవారిదను మాట మన యిండ్లలో నింకను వినబడుచున్నది. పైన చెప్పినది నాలుగు పంక్తుల చదువు. పప్పులో నీరెంత, మంట యెంత యని చూచుకొను కన్ను చాలును. పరీక్షల దినములలో అమ్మాయి చదువు ఆగిపోకుండుటయు, నెల జీతములో పెద్దమొత్తము మిగులుటయు ఈ చిన్న తెలివిడిపై ఆధారపడవచ్చును. కావున మీ కార్డు సంఖ్యను, పనిచేసిన డ్రైవరు పేరును, చేసిన తేదీని ఇంటి జమాఖర్చుల పుస్తకపు చివరిపుటలో వ్రాసియుంచుడు. లినక్సును మరల నెక్కింపవలసి వచ్చిననాడు ఆ యొక్కపంక్తి మీకు సగము పని తప్పించును. పొరుగింటి సోదరికి పూర్తిగా నుపకరించును.