రంగులో కనబడని తరుగు

అమెరికా ఈశాన్య తీరంలో, కేప్ కాడ్‌కూ కెనడాలోని నోవా స్కోషియాకూ నడుమ ఉన్న సముద్రాన్ని మెయిన్ సింధుశాఖ అంటారు. బిగెలో సముద్ర పరిశోధనాలయం శాస్త్రవేత్తలు 1998 నుంచి ఈ సింధుశాఖకు అడ్డంగా, పోర్ట్‌లాండ్, యార్మత్ రేవుల మధ్య ఒకే దారిలో పదేపదే వెళ్లి నీటిని కొలుస్తున్నారు. విలియం బాల్చ్ బృందం 2022లో ఇరవై ఏళ్ల లెక్కలు ప్రచురించింది. ఆ కాలంలో అక్కడి వృక్ష ప్లవకాల ఉత్పత్తి సుమారు 65 శాతం పడిపోయింది.

వృక్ష ప్లవకాలు నీటి కదలికతో కొట్టుకుపోయే, కంటికి ఆనని జీవులు. భూమ్మీద కిరణజన్య సంయోగక్రియ వల్ల ఏటా తయారయ్యే సేంద్రియ పదార్థంలో దాదాపు సగం వీటిదే. తీరాన్ని ఆనుకుని మెల్లగా లోతెక్కే ఖండతీరపు అరుగు మహాసముద్రాల వైశాల్యంలో పదో వంతు కూడా ఉండదు. అయినా ఈ ఉత్పత్తిలో, అంతకు మించి చేపల వేటలో, దాని వాటా చాలా పెద్దది. ఇక్కడ ఉత్పత్తి వేరు, నిల్వ వేరు. పశువులు మేస్తున్న బీడులో గడ్డి ఎత్తు చూసి, రోజుకు ఎంత గడ్డి మొలుస్తోందో చెప్పలేం. నీటిలోని పత్రహరితం నిల్వకు గుర్తు. ఉత్పత్తి తెలియాలంటే నీటిని సీసాల్లో పట్టి, రేడియోధార్మిక కార్బన్-14 కలిపి, వెలుతురులో ఉంచి, ప్లవకాలు ఎంత కార్బన్‌ను ఒంటబట్టించుకున్నాయో లెక్కించాలి. అందుకు పడవ కావాలి, మనిషి కావాలి, ఏళ్ల తరబడి ఆగని డబ్బు కావాలి. 65 శాతం అన్న అంకె ఈ పద్ధతిలో తేలింది.

ఉపగ్రహం ఉండగా ఇంత శ్రమ ఎందుకన్నది సహజమైన ప్రశ్న. ఉపగ్రహం చూసేది సముద్రపు రంగు. పత్రహరితం నీలి కాంతిని, ముఖ్యంగా 440 నానోమీటర్ల దగ్గర, గట్టిగా పీల్చుకుంటుంది. అందుకే పైకి తిరిగొచ్చే కాంతిలో ఆకుపచ్చతో పోలిస్తే నీలం ఎంత తగ్గిందో చూసి ప్లవకాలను అంచనా కడతారు. అయితే అడవుల్లోనూ చిత్తడి నేలల్లోనూ కుళ్లిన ఆకుల నుంచి నదుల్లోకి ఒక పసుపు పదార్థం కరిగి వస్తుంది. అదీ నీలి కాంతినే మింగుతుంది. దాని వల్ల రెండు విధాల నష్టం. ప్లవకాలకు అందాల్సిన వెలుతురు తగ్గుతుంది. ఉపగ్రహం లెక్కలో మాత్రం అదే నీరు ప్లవకాలు ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. మెయిన్ సింధుశాఖలో ఈ ఇరవై ఏళ్లలో కరిగిన సేంద్రియ కార్బన్, దాని రంగు సూచికలు మొత్తం మీద పెరిగాయి. అంటే తరుగు ఎక్కడ జరుగుతోందో అక్కడే దూరపు చూపు మసకబారుతోంది. 2024 ఫిబ్రవరిలో నాసా పంపిన పేస్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతి దగ్గర నుంచే రంగులను సన్నగా విడదీసి చూడగలదు. పసుపు పదార్థాన్ని వేరు చేయడానికి అది పనికొస్తుంది. కానీ దానికి 1998 నాటి గతం లేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లను సూచించేది సముద్రపు రంగునూ పైనీటి ఉష్ణోగ్రతనూ ఉపగ్రహాల నుంచి చదివే. వరదకాలంలో గోదావరి మొగల దగ్గర మట్టీ పసుపు పదార్థమూ కలిసిన నీటిలో ఆ చదువు ఎంత కష్టమో ఈ పని చేసేవారికి తెలుసు.

మెయిన్‌లో తరుగుకు కారణం ఒక్కటే అని చెప్పడానికి లేదు. జార్జెస్, బ్రౌన్స్ అనే నీటి అడుగు తిన్నెలు ఈ సింధుశాఖకు గుమ్మంలా అడ్డుంటాయి. బయటి లోతునీరు ముఖ్యంగా వాటి మధ్యనున్న ఈశాన్య కాలువ గుండా లోపలికి వస్తుంది. 2008 తర్వాత తూర్పు భాగంలో 50 నుంచి 180 మీటర్ల లోతున వెచ్చని నీరు చొరబడటం కనిపించింది. 2004 నుంచి 2013 వరకు పైనీరు ఏడాదికి సుమారు 0.23 డిగ్రీల చొప్పున వేడెక్కింది. ప్రపంచ సముద్రాల్లో 99 శాతం అంత వేగంగా వేడెక్కలేదు. ఉప్పదనం పెరిగింది, సిలికేట్ తగ్గింది. ఫాస్ఫేట్‌తో పోలిస్తే నత్రజని తగ్గింది. డయాటమ్‌లు గాజులాంటి సిలికా కవచం కట్టుకునే ప్లవకాలు. వసంతంలో విరగబూసి మొత్తం ఆహారవ్యవస్థను నిలబెట్టేవి ప్రధానంగా అవే. సిలికేట్ తగ్గితే మొదటి దెబ్బ వాటికి.

ప్లవకాలను తినే కలానస్ అనే కొవ్వుపట్టిన చిన్న జీవిని వెతుక్కుంటూ తిరిగే ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు 2010 తర్వాత మెయిన్ సింధుశాఖ పరిసరాల్లోని పాత మేతచోట్లను వదిలి సెయింట్ లారెన్స్ సింధుశాఖకు మళ్లాయి. అక్కడ ఓడల దారులకూ పీతల బోనుల తాళ్లకూ సంబంధించి వాటికి రక్షణ నియమాలు అప్పటికింకా సరిగ్గా లేవు. 2017లో ఒక్క కెనడా నీళ్లలోనే 12 చనిపోయాయి. ఆ జాతిలో ఇప్పుడు మిగిలినవి నాలుగు వందలకు లోపే.

2023 చివరి నుంచి లాబ్రడార్ వైపు నుంచి చల్లని నీరు మళ్లీ మెయిన్ సింధుశాఖ లోపలికి వస్తోంది, అడుగునీరు చల్లబడింది. ఇది నిజమైన మార్పే, కొలతల్లో ఉంది. అయితే ఉష్ణోగ్రత తిరిగొచ్చినంత త్వరగా జీవులు తిరిగిరావు. ఉత్తరాది రొయ్యనే చూద్దాం. దాని గుడ్లు పొదిగే కాలం స్థానిక వసంతపు ప్లవక విస్తరణతో సరిపోయేలా తరతరాలుగా కుదురుకుంది. అడుగునీరు వేడెక్కితే గుడ్లు ముందే పగులుతాయి, పిల్లలకు మేత అందదు. అందిన ఏడాది పుట్టినవి మొదట మగవిగా పెరిగి, మూడేళ్లు దాటాక గానీ ఆడవిగా మారి గుడ్లు పెట్టవు. 2014 నుంచి మెయిన్ సింధుశాఖలో ఈ రొయ్య వేటను నిలిపేశారు. చల్లని నీరు తిరిగొచ్చాక, 2025 చలికాలంలో, పరిస్థితి తెలుసుకోవడానికి కొన్ని పడవలకు మొత్తం 26 టన్నులకు పైగా పట్టుకునే అనుమతి ఇచ్చారు. ఆ పడవలన్నిటికీ కలిపి దొరికినవి 70 రొయ్యలు.