ఎనిమిదో కార్డు ఏం చెబుతుంది?

టారో కార్డుల కట్టలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 ప్రత్యేకమైన బొమ్మల కార్డులు. అందులో ఎనిమిదో నంబరు కార్డు వస్తే అర్థమేమిటని జోస్యం చెప్పేవారిని అడిగితే, ‘బలం, ధైర్యం’ అంటారు. ఆ కార్డు మీద ఒక స్త్రీ సింహం నోటిని నెమ్మదిగా మూస్తుంటుంది. ఆమె తలపైన అడ్డంగా పడుకోబెట్టిన 8 లాంటి గుర్తుంటుంది. ఇదే ప్రశ్నను 1900లో పారిస్‌లో అడిగి ఉంటే ‘న్యాయం’ అని జవాబు వచ్చేది. అప్పటి ఎనిమిదో కార్డు మీద కత్తి, త్రాసు పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉండేది. సింహం బొమ్మ పదకొండో కార్డు.

మధ్యలో ఏం జరిగింది? 1909లో లండన్‌లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే రచయిత, పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి చేత కొత్త బొమ్మలు వేయించి ఒక కట్ట తెచ్చాడు. నేడు ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేవి ఆ కట్ట, దాని నకళ్లే. వెయిట్ చేరిన ఒక రహస్య సమాజంవారు కార్డులకు రాశులను జతచేశారు. వాళ్ల లెక్కలో ఎనిమిదో స్థానానికి సింహరాశి, పదకొండో స్థానానికి తులారాశి వచ్చాయి. బొమ్మలు చూస్తే సింహం పదకొండులోనూ, త్రాసు ఎనిమిదిలోనూ ఉన్నాయి. లెక్క కుదరలేదు కనుక నంబర్లు మార్చేశారు! తనకు తృప్తినిచ్చే కారణాలు తనకున్నాయనీ, చదివేవారికి దానితో పనిలేదు గనుక వివరించనక్కరలేదనీ వెయిట్ తన పుస్తకంలో రాసుకున్నాడు. తన జీవితానికి ‘8’ ఏం చెబుతోందోనని గుండె చేతబట్టుకుని కూర్చున్న మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకా వెనక్కు వెళితే అసలు అంకెలే లేవు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో మిలన్ ప్రభువుల కోసం బంగారు పూతతో చేతితో గీయించిన కార్డుల మీద నంబర్లు కనబడవు. అవి జోస్యానికి కాదు, పేకాటకు పుట్టిన కార్డులు. ఏ బొమ్మ ఏ బొమ్మను గెలుస్తుందన్నది ఒక్కో నగరంలో ఒక్కో వరుస. తరువాత ఆటగాళ్ల సౌకర్యం కోసం అంకెలు వేశారు. పెద్ద అంకె చిన్న అంకెను గెలుస్తుంది, అంతే దాని అర్థం. ఫ్రాన్స్‌లో, ఆస్ట్రియాలో ఈనాటికీ ఈ కార్డులతో ఆట ఆడుకుంటున్నారు.

ఆట వస్తువుకు ఆత్మీయ రంగు పులిమిన తొలి ప్రముఖుడెవరో తెలిస్తే మన ప్రొటెస్టెంట్ సంఘాలవారు ఉలిక్కిపడతారు. ఆయన మనవాడే. ఫ్రాన్స్‌లో 1685 తరువాత ప్రొటెస్టెంట్ విశ్వాసం చట్టవిరుద్ధమై, బోధకులను ఉరితీస్తున్న రోజుల్లో, అడవుల్లో కొండల్లో దాగి ఆరాధించే సంఘాలను తిరిగి నిలబెట్టిన దైవజనుడు ఆంత్వాన్ కూర్. ఆయన కుమారుడు కూర్ ద జెబెలిన్ కూడా పాస్టరుగా అభిషేకం పొందినవాడే. ఆ కుమారుడు 1781లో అచ్చువేసిన తన ఉద్గ్రంథం 8వ సంపుటంలో (ఇందులో మర్మమేమీ లేదు, ఏడు తరువాత ఎనిమిది వస్తుంది) టారో అనేది పురాతన ఐగుప్తు జ్ఞానులు బొమ్మల్లో దాచిన గ్రంథమని ప్రకటించాడు. ఒక ఇంట్లో కొందరు ఆడుతుండగా చూసి పావుగంటలో ఆ రహస్యం గ్రహించానన్నాడు. అప్పటికి ఐగుప్తు లిపిని చదవగలిగినవారు లోకంలో ఎవరూ లేరు. 1822లో షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పాక, ఆ రాతల్లో టారో జాడ ఎక్కడా దొరకలేదు. కానీ అప్పటికే పారిస్‌లో ఈ కార్డులతో జోస్యం జీవనోపాధి అయిపోయింది. తండ్రి వాక్యం కోసం ప్రాణాలకు తెగించాడు. కొడుకు పావుగంటలో కథ అల్లాడు. పాస్టరుగారి ఇంట పుట్టినంత మాత్రాన వివేచన వారసత్వంగా రాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇదంతా ఎక్కడో ఐరోపా సంగతి కదా అనుకోవద్దు. మన దగ్గర 8 అంటే సంఖ్యాశాస్త్రంవారికి శని. బండి నంబరు కూడితే 8 వస్తుందని వేరే నంబరుకు డబ్బు కట్టేవారిలో ఆదివారం బల్లలో పాలుపొందేవారు లేరా? కాలిబాట మీద చిలక జోస్యుడి ముందు కూర్చోవడానికి మన విద్యావంతులైన విశ్వాసులకు నామోషీ. అదే చిలక లేకుండా, ఇంగ్లీషులో, ఫోను తెర మీద, గంటకింతని రుసుముతో అయితే అది ‘కౌన్సెలింగ్’! చిలక కార్డు తీస్తే మూఢనమ్మకమట, మన చెయ్యి తీస్తే ఆత్మపరిశీలనట. ఒకే అంకె ఒకరికి శని, మరొకరికి బలం, వందేళ్ల కిందటివారికి న్యాయం అయినప్పుడు మాట్లాడుతున్నది అంకెనా, అంకె పక్కన కూర్చున్న మనిషా?

అయితే ప్రసంగ వేదికల మీద కూడా 8కి నోరు పుట్టించడం చూస్తున్నాం. సంవత్సరం చివర 8 వస్తే చాలు, ‘ఎనిమిది అంటే నూతన ఆరంభం’ అనే ప్రసంగం సిద్ధం. ఓడలో రక్షణ పొందినవారు ఎనిమిదిమంది, సున్నతి ఎనిమిదవ దినాన, యెష్షయి ఇంట ఏడుగురి తరువాత వచ్చినవాడు దావీదు అంటారు. నిజమే. కానీ అదే దావీదును దినవృత్తాంతముల గ్రంథం ఏడవవాడుగా లెక్కించింది (1 దిన 2:15). ఇశ్రాయేలీయులు కూషన్రిషాతాయిముకు దాసులై మగ్గింది ఎనిమిదేళ్లు (న్యాయా 3:8). యెహోరాము యెరూషలేములో ఎనిమిదేళ్లు ఏలి, పోయినప్పుడు అయ్యో అనేవాడు లేకుండా పోయాడు (2 దిన 21:20). లుద్దలో ఐనెయ పక్షవాతంతో మంచానికి అంటుకుపోయింది ఎనిమిదేళ్లు (అపొ.కా. 9:33). అతనిని లేపింది తొమ్మిదో ఏడు కాదు, యేసుక్రీస్తు. బైబిల్లో సంఖ్యలకు చోటులేదని కాదు. పన్నెండు గోత్రాలు, పన్నెండుమంది శిష్యులు ఊరకే రాలేదు. కానీ లేఖనంలో సంఖ్య జరిగినదానికి గుర్తుగా నిలుస్తుంది, జరగబోయేదాన్ని మీటే మీటగా కాదు.

మరి మన బిడ్డలు కార్డుల దగ్గరకు ఎందుకు పోతున్నారు? ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం తెలియక కాదు, సండే స్కూలులో కంఠస్థం చేసినవారే. కారణం వేరే ఉంది. ఉద్యోగం ఊడిన యువకుడు, సంబంధం తప్పిపోయిన ఆడపిల్ల, వీసా రాక ఇల్లు కదలని పిల్లవాడు ఆరాధన అయ్యాక పాస్టరుగారి వద్దకు వస్తే, వెనుక వరుస కట్టి మరో ముప్పైమంది ఉంటారు. తలమీద చెయ్యి వేసి రెండు నిమిషాల ప్రార్థన, ‘దేవుడు చూసుకుంటాడు’ అన్న మాట. కార్డులు పరిచేవారు ముప్పావుగంట వింటారు. డబ్బు తీసుకునే వింటారు, అది వేరే సంగతి. ఆ బిడ్డకు కావలసింది ఎనిమిదో కార్డు కాదు, తన మాట పూర్తయ్యేదాకా గడియారం చూడని ఒక మనిషి. ప్రతి సంఘంలో పెద్దలున్నారు, స్త్రీల సమాజాలున్నాయి. ఆదివారం సాయంత్రం రెండు గంటలు కుర్చీ వేసుకుని వినడానికే కూర్చునే ఇద్దరు పరిపక్వత గల విశ్వాసులను ఏర్పాటు చేసుకోవడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. టారో మీద పది ప్రసంగాలకన్నా అది మేలు చేస్తుందని మా నమ్మకం.

ఇక ఒక సున్నితమైన విషయం. డిసెంబరు 31 రాత్రి ఎన్నో మందిరాల్లో పళ్లెంలో వాగ్దాన కార్డులు పెడతారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటాం. అది వాక్యమే గనుక దాన్ని టారోతో సమానం చేయడం న్యాయం కాదు. కానీ తీసే చేతి వణుకును గమనించారా? మంచిది రాలేదని రెండోసారి చెయ్యి పెట్టేవారిని, పక్కవారి కార్డుతో పోల్చుకుని చిన్నబుచ్చుకునేవారిని చూస్తూనే ఉన్నాం. సమాధానకరమైన ఉద్దేశాలను గూర్చిన యిర్మీయా 29:11 వచ్చినవారు పొంగిపోతారు. దాని పై వచనంలో, ఆ మాట నెరవేరడానికి బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది. లోకంలో శ్రమ ఉంటుందని యేసు తన శిష్యులకు ఇచ్చిన మాట కూడా వాగ్దానమే. దాన్ని కార్డు మీద అచ్చువేసిన సంఘం మాకింతవరకు తారసపడలేదు.

యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకునేటప్పుడు చీట్లు వేశారు కదా అంటారు. వేశారు. మొదటి నుంచీ ప్రభువుతో తిరిగినవారై ఉండాలన్న అర్హత పెట్టి, ఇద్దరిని నిలబెట్టి, ప్రార్థించి, ఆ తరువాతనే వేశారు. రేపేమవుతుందో తెలుసుకోవడానికి వేయలేదు. రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్ముడు దిగివచ్చాడు. అక్కడినుంచి సంఘం చీట్లు వేసిన సందర్భం కొత్త నిబంధనలో మళ్లీ కనబడదు. ఎఫెసులో విశ్వసించినవారు మాత్రం అప్పటిదాకా ఇళ్లలో దాచుకున్న మాంత్రిక గ్రంథాలను బయటికి తెచ్చి అందరి ఎదుట కాల్చారు. వాటి వెల యాభైవేల వెండి రూకలు. నమ్మకం వచ్చిన రోజునే అలమర ఖాళీ కాదని లూకా దాచకుండా రాశాడు.

ఈ వారం నుంచి చేయదగిన పని ఒకటుంది. 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్ అంటూ 22 శీర్షికలున్నాయి. అవి హెబ్రీ భాషలోని 22 అక్షరాలు. ఒక్కో అక్షరం కింద 8 వచనాల చొప్పున మొత్తం 176. 1850లలో ఫ్రాన్స్‌లో ఎలిఫాస్ లెవీ అనే రచయిత టారోలోని 22 బొమ్మలకు తగిలించింది ఈ అక్షరాలనే. ఆయన లెక్కలో ఎనిమిదో కార్డుది హేత్. లండన్ సమాజంవారి లెక్కలో తేత్. వాళ్లకే పొత్తు కుదరలేదు. కీర్తనలో హేత్ కింద, యెహోవాయే తన భాగమని భక్తుడు చెప్పుకుంటాడు. తేత్ కింద, శ్రమపడడం తనకు మేలైందనీ, దానివల్లనే దేవుని కట్టడలు నేర్చుకున్నాననీ అంటాడు. రోజుకు ఎనిమిది వచనాల చొప్పున కుటుంబ ప్రార్థనలో బిగ్గరగా చదివితే 22 రోజుల్లో కీర్తన పూర్తవుతుంది. హేత్ ఎనిమిదో రోజున, తేత్ తొమ్మిదో రోజున వస్తాయి.